గేర్ కేబుల్ పదేపదే తెగుతోందా? తెగిన చోటు చూసి కారణం పట్టుకోండి

గేర్ల సైకిల్ తొక్కేవాళ్లకు కేబుల్ తెగడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఏడాదికో రెండేళ్లకో తెగిందంటే అది మామూలు అరుగుదల. కొత్తది వేసిన రెండు మూడు నెలలకే మళ్లీ తెగితే మాత్రం కేబుల్‌ను తిట్టుకుని లాభం లేదు. అది వెళ్లే దారిలో ఎక్కడో ఏదో దాన్ని కోస్తోంది, లేదా అతిగా వంచుతోంది, లేదా ఉండాల్సిన దానికన్నా గట్టిగా లాగుతోంది. చాలా చోట్ల తెగిన వైరు లాగేసి, కొత్తది దూర్చి, గేర్లు పడుతున్నాయని చూసి పంపేస్తారు. పాతదాన్ని తెంపింది అక్కడే ఉంటుంది కాబట్టి కొత్తదాన్నీ తెంపుతుంది.

అందుకే రిపేరుకు ఇచ్చేటప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: తెగిన కేబుల్‌ను పారేయొద్దు, రెండు ముక్కలూ నాకు ఇచ్చేయండి. మీరే రిపేరు చేసుకుంటున్నా సరే, పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

కేబుల్ లోపల ఏముంది

గేర్ కేబుల్ లోపలి వైరు మందం 1.1 లేదా 1.2 మి.మీ. చూడటానికి ఒకటే తీగలా ఉన్నా, సాధారణంగా 19 సన్నటి ఉక్కు పోగులను పురి పెట్టి పేనితే తయారైంది. బ్రేక్ వైరు దీనికన్నా లావు, 1.5 లేదా 1.6 మి.మీ. ఉంటుంది. ఒక చివర చిన్న లోహపు గుండు ఉంటుంది. షిఫ్టర్‌లో, అంటే హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీటలో, ఆ గుండే ఒక గుంటలో కూర్చుని వైరును లాగుతుంది.

వైరు ఎప్పుడూ ఒక్క దెబ్బకు తెగదు. ఒక పోగు తెగుతుంది, మిగతావి ఆ బరువు పంచుకుంటాయి. ఇంకోటి తెగుతుంది. అలా సగం పోగులు పోయాక ఒకరోజు ఎత్తు ఎక్కుతూ గేరు మార్చినప్పుడు టప్‌మని మొత్తం పోతుంది. అంటే తెగేముందు కొన్ని రోజుల పాటు అది మనకు చెబుతూనే ఉంటుంది. వెనక పళ్ల చక్రాల్లో పెద్దదాని మీదకు చైన్ ఎక్కడానికి మొరాయిస్తుంది. వైరు బిగువు సర్దే మర, అంటే బ్యారెల్ అడ్జస్టర్, అరచుట్టు తిప్పితే సరవుతుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ తేడా వస్తుంది, మళ్లీ తిప్పుతారు. ఒక్కో పోగు తెగినకొద్దీ వైరు కాస్త కాస్త సాగుతోందన్నమాట. నిన్నటి దాకా బాగున్న గేర్లకు వారంలో మూడుసార్లు అడ్జస్టర్ తిప్పాల్సి వస్తే ఇక తిప్పడం ఆపేసి, ఆ రోజే షిఫ్టర్ దగ్గర చూడండి. తెగకముందే మార్చడం పావుగంట పని. తెగాక అదే పని ఒక్కోసారి పూటంతా పడుతుంది, ఎందుకో కింద చెబుతాను.

తెగిన చివరను దగ్గరగా చూడండి

ఫోన్ కెమెరాలో జూమ్ పెట్టి, వెలుతురులో తెగిన చివరను ఫొటో తీయండి. కంటికి కనిపించనివి అందులో కనిపిస్తాయి.

పోగులన్నీ ఒక్కోటి ఒక్కో పొడవులో, కుచ్చులా విడిపోయి, ఒక్కో పోగు చివర మొద్దుగా తెగి ఉంటే అది వంగి వంగి అలిసిపోయి తెగినట్టు. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంపితే ఎలా తెగుతుందో అలా. పోగులన్నీ దాదాపు ఒకే చోట, ఒకే పక్క మెరుస్తూ అరిగి ఉంటే ఏదో పదునైన అంచు రాసుకుంటోంది. ఎర్రటి పొడి, గరుకు ఉంటే తుప్పు. చదునుగా నలిగిన చోట తెగి ఉంటే బోల్టు కింద నలిగింది.

తర్వాత తెగిన చోటు గుండు నుంచి ఎంత దూరంలో ఉందో కొలవండి. ఆ ముక్కను సైకిల్ పక్కన పెట్టి చూస్తే వైరు ఎక్కడ తెగిందో సరిగ్గా తెలిసిపోతుంది. మామూలుగా ఐదు చోట్లలో ఒకటై ఉంటుంది: షిఫ్టర్ లోపల గుండు దగ్గర, వైరు బయటి తొడుగు (ఔటర్) మొదలయ్యే లేదా ముగిసే చోట, పెడల్ ఇరుసు కింద ఉన్న ప్లాస్టిక్ గైడ్ దగ్గర, వెనక డీరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదకు జరిపే భాగం) దగ్గరి వంపులో, లేదా డీరైలర్ బోల్టు దగ్గర.

గుండు దగ్గర తెగితే

రోడ్ బైక్‌లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. బ్రేక్ లివర్‌లోనే గేర్ షిఫ్టర్ కూడా ఉండే రకాల్లో వైరు ఒక చిన్న చక్రం చుట్టూ తిరిగి, వెంటనే ఇంకో వంపు తీసుకుని హ్యాండిల్ టేపు కిందికి వెళ్తుంది. షిమానో కంపెనీ పాత లివర్లలో గేర్ కేబుల్ పక్కకు బయటికి వచ్చేది, అందుకే వంపు తక్కువగా ఉండేది. డ్యూరా ఏస్ 7900, అల్టెగ్రా 6700, 105లో 5700 అనే మోడళ్ల తరాల నుంచి దాన్ని టేపు కింద దాచారు. చూడటానికి అందంగా ఉంది, కానీ వైరుకు కష్టం పెరిగింది. ఆ తర్వాత వచ్చిన 11 గేర్ల లివర్లలోనూ కుడి చేతి వైపు వైరు గుండు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపల కుచ్చు విడిపోవడం సైకిల్ మెకానిక్‌లకు బాగా తెలిసిన సంగతే.

ఇలాంటి లివర్ మీదైతే, తెగిన చివర అలసిపోయి తెగినట్టే కనిపిస్తే, పెద్దగా వెతకాల్సిందేమీ లేదు. తెగేదాకా ఆగకుండా ముందే మార్చేయడమే మందు. 3000 కిలోమీటర్లకు ఒకసారి లోపలి వైరు మార్చేయమని నా సలహా. నగరంలో, సిగ్నల్ సిగ్నల్‌కూ గేర్లు మార్చేవాళ్లు ఇంకా ముందే మార్చాలి. ఎందుకంటే వైరును అలిసిపోయేలా చేసేది కిలోమీటర్లు కాదు, గేరు మార్చిన సార్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఒకే గేరులో సాగిపోయే సైకిల్‌కూ, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లే సైకిల్‌కూ మీటరు ఒకే అంకె చూపించినా వైర్ల వయసు ఒకటి కాదు.

కానీ గుండు దగ్గర కొన్ని వారాల్లోనే తెగిందంటే అది అలసట కాదు, గుండు సరిగ్గా కూర్చోలేదని అర్థం. గుంటలో అది వాలుగా ఇరుక్కుంటే మెడ దగ్గర ప్రతిసారీ వంగి త్వరగా తెగిపోతుంది. వేరే కంపెనీ గుండు కూడా ఇలాగే చేస్తుంది. కాంపాన్యోలో కంపెనీ గేర్ కేబుల్ గుండు షిమానో దానికన్నా కాస్త చిన్నది. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే వదులుగా ఆడుతుంది, లేదా ఇరుక్కుని బయటికి రాదు. కొన్ని చవక కేబుళ్లకు రెండు చివర్లా రెండు రకాల గుండ్లు ఉంటాయి. మీకు పనికిరానిదాన్ని కత్తిరించి, మిగిలింది మీ షిఫ్టర్‌దేనా అని పాత గుండు పక్కన పెట్టి పోల్చుకోండి.

తెగిన గుండును బయటికి తీయడం

ఓపిక కావాల్సింది ఇక్కడే. వైరు తెగాక చాలామంది చేసే మొదటి పని లివర్‌ను పదే పదే నొక్కి చూడటం. అది వద్దు. లోపల మిగిలిన పోగులు పళ్ల మధ్యకు చుట్టుకుపోతాయి, షిఫ్టరే పాడవుతుంది.

ఎక్కువ షిఫ్టర్లలో గుండు బయటికి రావడానికి ఒకే ఒక స్థానం ఉంటుంది, అది వెనక చిన్న చక్రానికి సంబంధించిన గేరు. వైరు లేదు కాబట్టి చైన్ ఎలాగూ అక్కడే ఉంటుంది. షిఫ్టర్‌ను మాత్రం విడుదల చేసే లివర్‌తో ఒక్కో క్లిక్ చొప్పున నెమ్మదిగా ఆ చివరకు తీసుకురావాలి. రబ్బరు తొడుగు పైకి మడిచి, చిన్న మూత ఉంటే స్క్రూ తీసి, టార్చి వేసి చూడండి. గుండు కనిపిస్తే వెనక నుంచి పాత స్పోక్ ముక్కతో నెమ్మదిగా తోయండి. పోగులు ఇరుక్కుని ఉంటే సన్నటి పట్టకారుతో ఒక్కోటి, పురి ఉన్న దిక్కుకే తిప్పుతూ లాగండి. ఒకేసారి గుంజితే మిగతావి ఇంకా లోపలికి పోతాయి.

బయటికి వచ్చిన ముక్కల్నీ, ఇంతకుముందు దాచిన ముక్కనూ పక్కపక్కన పెట్టి పోగులు సరిపోయాయో లేదో చూడండి. ఒక చిన్న పోగు లోపల మిగిలినా కొత్త వైరును అదే కోస్తుంది. పోగులన్నీ వచ్చాక లోపలికి కొద్దిగా డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) కొట్టి, ఆరనిచ్చి, పల్చటి నూనె ఒకటి రెండు చుక్కలు వేసి లివర్‌ను అన్ని క్లిక్‌లూ తిప్పి చూడండి. గ్రీజు దట్టించవద్దు. అది మన దుమ్ముతో కలిసి గట్టిపడి క్లిక్‌లే పడకుండా చేస్తుంది.

ఔటర్ చివరల దగ్గర తెగితే

తెగిన చోట ఒక పక్క మెరుస్తూ అరిగి ఉందంటే చూపు ఔటర్ మీదకు మళ్లించండి. గేర్ ఔటర్ లోపల ఉక్కు తీగలు పొడవునా వరసగా ఉంటాయి. బ్రేక్ ఔటర్‌లో మాత్రం స్ప్రింగులా చుట్టి ఉంటాయి. గేరుకు బ్రేక్ ఔటర్ వేస్తే నొక్కుడుకు కుదించుకుపోయి గేర్లు ఎప్పటికీ సరిగ్గా కుదరవు. గేర్ ఔటర్‌ను బ్రేక్‌కు వేయడమైతే ప్రమాదమే, గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు చీలిపోవచ్చు. ఔటర్ మీద రాసి లేకపోతే కత్తిరించిన చివర చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోస్తే ఔటర్ చివర నలిగి, ఒకటి రెండు తీగలు లోపలికి వంగి ముళ్లలా నిలబడతాయి. వైరు ఏడాదంతా వాటి మీదే రాసుకుంటుంది. సైకిల్ కేబుల్ కోసమే చేసిన కట్టర్ వాడండి, అది లేని దుకాణంలో ఈ పని చేయించుకోకండి. కోశాక చివరను ఆకురాయితో చదును చేయాలి. లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయి ఉంటుంది, దాన్ని కంపాస్ ముల్లుతో గుండ్రంగా తెరవాలి. ఆ తర్వాత ఫెర్రూల్, అంటే చివరన పెట్టే చిన్న టోపీ, తప్పకుండా పెట్టాలి. ఔటర్ చివర ఆనేందుకు ఫ్రేమ్‌కు ఉండే ఆపుల్లో ఆ టోపీ నిటారుగా కూర్చోవాలి. వాలుగా ఉంటే వైరు వంపు తిరిగి అంచుకు రాసుకుంటుంది.

పొడవు కూడా ముఖ్యమే. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. ఎక్కడైనా ఔటర్ బిగుసుకుపోయినా, టోపీ ఆపులోంచి వంకరగా లాగబడినా అది పొట్టిది. ఫ్రేమ్ లోపల నుంచి కేబుల్ వెళ్లే సైకిళ్లలో రంధ్రం దగ్గరి రబ్బరు బిళ్ల ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే ఫ్రేమ్ అంచే కత్తి అవుతుంది.

పెడల్ ఇరుసు కిందా, వెనక వంపులోనూ

పెడల్ ఇరుసు కింద ఒక చిన్న ప్లాస్టిక్ గైడ్ ఒకే స్క్రూతో బిగించి ఉంటుంది. వానాకాలంలో చక్రం చిమ్మే బురదంతా అక్కడే చేరుతుంది. ఇసుక, వైరు కలిసి ఆ ప్లాస్టిక్‌ను కోస్తూ లోతుగా గాడి చేస్తాయి, చివరకు వైరు లోహానికి రాసుకుంటుంది. సైకిల్‌ను తలకిందులు చేసి గాడి లోతు చూడండి. లోతుగా ఉంటే గైడ్ మార్చేయండి, బాగుచేయాలని చూడకండి.

వెనక డీరైలర్ దగ్గరి వంపు అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి నీళ్లు అక్కడికే జారతాయి. మిగతా ఔటర్ బాగున్నా ఆ ఒక్క ముక్కను ప్రతిసారీ మార్చాలి. విశాఖ బీచ్ రోడ్డు మీద రోజూ తొక్కేవాళ్లకు ఉప్పు గాలి వల్ల తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. అక్కడ జింకు పూత వైర్లు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్ వైర్లే తీసుకోండి. ప్రెషర్ వాషర్‌తో కడిగేటప్పుడు నీళ్ల ధార టోపీల మీద పడకుండా చూసుకోండి.

పూత పూసిన ఖరీదైన వైర్ల గురించి ఒక మాట. కొత్తలో గేర్లు వెన్నలా పడతాయి, నిజమే. కానీ కొన్ని రకాల్లో పూత వెంట్రుకల్లా ఊడి ఔటర్‌లో పేరుకుపోతుంది. దుమ్ము రోడ్ల మీద తొక్కేవాళ్లకు నునుపుగా పాలిష్ చేసిన మామూలు స్టెయిన్‌లెస్ వైరే మేలని నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో ఇంకో వైరు కొని సీటు కింద సంచిలో పెట్టుకోవచ్చు.

బోల్టు దగ్గర తెగితే

డీరైలర్‌లో వైరును పట్టే బోల్టు కింద ఒక గాడి ఉంటుంది, వైరు ఆ గాడిలోనే పడాలి. గాడి పక్కన పడితే ఒకటి, నలుగుతుంది. రెండోది, లాగే కొలత మారి గేర్లు ఎంత తిప్పినా కుదరవు. బిగింపు షిమానో డీరైలర్లకు సాధారణంగా 6 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు, అంటే పొట్టి అలెన్ కీతో గట్టిగా బిగించినంత. పొడవాటి పానాతో బలమంతా పెడితే పోగులు చదునవుతాయి. ఒకసారి నలిగిన చోటునే మళ్లీ మళ్లీ బోల్టు కింద పెట్టి బిగించకండి.

ఎక్కడ చూసినా తప్పు కనిపించకపోతే

చాలామంది వదిలేసేది డీరైలర్ లిమిట్ స్క్రూలను, అంటే అది ఎంత దూరం జరగాలో హద్దు పెట్టే స్క్రూలను. ఎల్ అని రాసిన స్క్రూ ఎక్కువ లోపలికి తిప్పి ఉంటే డీరైలర్ పెద్ద చక్రం దాకా వెళ్లలేదు. తొక్కేవాళ్లకు అది తెలియదు, గేరు పడట్లేదని బొటనవేలితో బలంగా తోస్తారు. ఆ బలమంతా వైరు మీదే పడుతుంది. ఎత్తులు ఎక్కే ప్రతిసారీ ఇదే జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. వెనక చక్రం నేలను తాకకుండా సైకిల్ ఎత్తి, వైరు బోల్టు వదులు చేసి, పెడల్ తిప్పుతూ డీరైలర్‌ను చేత్తో లోపలికి తోయండి. చైన్ సాఫీగా పెద్ద చక్రం ఎక్కాలి, దాన్ని దాటి స్పోక్స్ మీద పడకూడదు. ఎక్కకపోతే ఎల్ స్క్రూను పావు చుట్టు చొప్పున బయటికి తిప్పండి.

కొత్త వైరు వేయడం

షిఫ్టర్‌ను చిన్న చక్రం గేరులో పెట్టండి. వైరును మెలిక పడకుండా సాఫీగా దూర్చండి. ఒక్కసారి మెలిక పడిందా, ఆ వైరు వాడకండి. అటు చివర పట్టుకుని గట్టిగా లాగితే గుండు గుంటలో కూర్చుంటుంది, మూత రంధ్రంలోంచి కంటితో చూసి నిర్ధారించుకోండి. ఔటర్‌లో వైరు ఏ పట్టూ లేకుండా జారాలి. ఎక్కడైనా పట్టేస్తే బోల్టు బిగించడానికి ముందే ఆ ముక్క మార్చండి.

బ్యారెల్ అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి బిగించి, ఒక చుట్టు బయటికి తీసి, వైరును చేత్తో బిగువుగా పట్టుకుని బోల్టు బిగించండి. ఇప్పుడు ఫ్రేమ్ కింద బయటికి కనిపించే వైరును రెండు మూడుసార్లు గట్టిగా పక్కకు లాగండి. టోపీలు, ఔటర్లు తమ చోట సర్దుకుంటాయి, వైరు వదులవుతుంది. బోల్టు తీసి మళ్లీ బిగించండి. కొత్త వైరు సాగిందని అందరూ అనేది ఎక్కువగా ఈ సర్దుబాటే. ఆ తర్వాత ఒక క్లిక్ వేస్తే చైన్ రెండో చక్రం మీదకు ఎక్కాలి. ఎక్కకపోతే అడ్జస్టర్‌ను బయటికి, దాటిపోతే లోపలికి, పావు చుట్టు చొప్పున తిప్పండి.

మిగిలిన చివరను నాలుగైదు సెంటీమీటర్లు వదిలి కోసి, అల్యూమినియం మూత నొక్కండి. మూత దొరక్కపోతే ఒక చుక్క సూపర్ గ్లూ వేసినా పురి విడిపోదు.

దారిలో తెగిపోతే

అనంతగిరి కొండల మీదో, బ్రెవే అనే దూర ప్రయాణపు రైడ్ మధ్యలోనో తెగిందనుకోండి. చైన్ చిన్న చక్రం మీదకు పడిపోతుంది, ఆ గేరులో ఎత్తు ఎక్కలేరు. హెచ్ అని రాసిన లిమిట్ స్క్రూను లోపలికి బిగిస్తే డీరైలర్ ఒకటి రెండు చక్రాలు లోపలికి జరుగుతుంది. అది చాలకపోతే, డీరైలర్ వైపు వైరు ముక్క మిగిలి ఉంటే దాన్ని లాగి మధ్య చక్రం మీదకు తెచ్చి, బాటిల్ స్టాండ్ బోల్టుకు చుట్టి బిగించండి. ముందు రెండు చక్రాలుంటే ఆ రెండు గేర్లతో ఇంటికి చేరవచ్చు. షిఫ్టర్‌ను మాత్రం కదపకండి.

షిఫ్టరే కారణమైతే

ఇవన్నీ సరిచేశాక, మంచి వైరు వేశాక కూడా వెయ్యి కిలోమీటర్ల లోపే గుండు దగ్గర అదే చోట తెగుతుంటే షిఫ్టర్ లోపల వైరు చుట్టుకునే చిన్న చక్రం అంచు విరిగిందనో, గరుకు తేలిందనో అనుకోవాలి. ఇంతకుముందు ఇరుక్కున్న పోగులు దాన్ని గీసి ఉండొచ్చు. చెవుల దూదిని ఆ గాడి వెంట తిప్పి చూడండి, దూది పోగులు చిక్కుకున్న చోటే గరుకు. బయటి అంచైతే సన్నటి ఎమరీ కాగితంతో నునుపు చేయవచ్చు. లోపలి గాడిలో ఉంటే షిఫ్టర్ మార్చడం తప్ప దారి లేదు. కొనేటప్పుడు మీ గేర్ల సంఖ్య ఒక్కటే చెప్పకండి, వెనక డీరైలర్ మోడల్ నంబరు కూడా చెప్పండి. ఒక్కో క్లిక్‌కు వైరు లాగే కొలత రెండింటికీ సరిపోతేనే గేర్లు పడతాయి.